ధాన్యం కొట్టులో పోస్టాఫీసు

రేవులో పడవ సిద్ధంగానే ఉంది. మూడు పాలక్యాన్లు, రెండు మోటారుసైకిళ్ళు, ఒక మేకపోతు అప్పటికే ఎక్కేసి ఉన్నాయి. మనుషులకి మిగిలింది అంచుల మీద చోటే. అనిత రేకుపెట్టెని రెండు చేతులా పట్టుకుని, బురదమెట్టు మీద నిలబడి, పడవకేసీ నీళ్ళకేసీ మార్చి మార్చి చూస్తోంది.

"ఎక్కండి మేడమ్ గారండీ" అన్నాడు పడవ నడిపే లోవరాజు. యాభై ఏళ్ళ మనిషి. తలకి తువ్వాలు, చేతిలో గెడ.

"ఇది మునగదు కదన్నా?"

లోవరాజు ఆ ప్రశ్న గురించి నిజంగానే కాసేపు ఆలోచించాడు. "ఇప్పటిదాకా మునగలేదండి" అన్నాడు.

ఇక చేసేదేముంది, అనిత ఎక్కి కూర్చుని కళ్ళు మూసుకుంది.

ఆమెది అనంతపురం జిల్లా, బెళుగుప్ప దగ్గర చిన్న ఊరు. అక్కడ ఏరంటే ఇసక. ఎప్పుడైనా రెండు రోజులు నీళ్ళు పారితే ఊరంతా కట్టుబట్టలతో చూడ్డానికి పరిగెడుతుంది. పదో తరగతిలో అయిదొందల అరవై ఒక్క మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఇంటర్ సగంలో ఆపేసి బెంగుళూరు బట్టల ఫ్యాక్టరీలో చేరింది. పన్నెండేళ్ళు చొక్కా కాలర్లు కుట్టింది. కాలర్లు మాత్రమే. మిగతా చొక్కా ఎవరు కుడుతున్నారో, ఏ దేశంలో ఎవరు తొడుక్కుంటున్నారో ఆమెకి తెలీదు. ఇరవై తొమ్మిదో ఏట ఆ ఫ్యాక్టరీ ఇంకో ఊరికి తరలిపోయింది. అనిత తరలిపోలేదు. ఇంటికొచ్చేసింది.

ఊళ్ళో నెట్‌సెంటరు అతను పోస్టాఫీసు ఉద్యోగాలు పడ్డాయన్నాడు. పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు, ఏ ఊరు కావాలో మనమే ఎంచుకోవచ్చు. కంప్యూటర్లో పేర్ల జాబితా పైకీ కిందకీ జరుపుతుంటే నేరేళ్లంక అన్న పేరు కనపడింది. నేరేడుపళ్ళంటే అనితకి ఇష్టం. దాన్నే ముందు పెట్టమంది. మ్యాపులో చూస్తే పచ్చటి చుక్క, దాని చుట్టూ నీలం. ఆ నీలం సంగతి అప్పుడంతగా పట్టించుకోలేదు.

"లంకకు పోతాండావా? ఆడ రావణాసురుడుంటాడు కదే" అంది వాళ్ళమ్మ.

మార్కులు పనిచేశాయి. నేరేళ్లంక బ్రాంచి పోస్టుమాస్టరుగా చేరమని కాయితం వచ్చింది. రోజుకి నాలుగైదు గంటల పని. దాని కింద ఒక షరతు: చేరిన నెలరోజుల్లోపు ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలి. పోస్టాఫీసు నడిపే చోటు కూడా ఆమే చూసుకోవాలి.

చున్నీ ఎవరో లాగినట్టయితే కళ్ళు తెరిచింది. మేకపోతు చున్నీ కొస నములుతోంది. పడవ అవతలి గట్టుకి తగిలింది.

పాత పోస్టుమాస్టరు మాణిక్యాలరావుగారు రేవు దగ్గరే ఎదురుచూస్తున్నారు. మొన్ననే అరవై అయిదు నిండి దిగిపోయేరు. నలభై ఏళ్ళు పోస్టాఫీసు ఆయన వీధరుగు మీదే నడిచింది. అనితని ఇంటికి తీసుకెళ్ళి, కాఫీ ఇప్పించి, తూకం, ముద్ర, తాళాలు, వేలిముద్రలు తీసే మిషను, టపా సంచీ అన్నీ ఒక్కొక్కటే తుడిచి అప్పజెప్పేరు.

"సార్, ఈ అరుగు మీదే నేనూ పెట్టుకోవచ్చునా?" అని అడిగింది అనిత. మనసులో లెక్క అప్పుడే తేలిపోయిందనుకుంది.

ఆయన జవాబు చెప్పకుండా ఆమెని పెరట్లోకి తీసుకెళ్ళేరు. పెరట్లో కొబ్బరిచెట్లు రెండు వరసలున్నాయి. రెండో వరస వెనకాల గోడ ఉండాలి. గోడ లేదు. గోదారి ఉంది. చివరి చెట్టు వేళ్ళు సగం గాల్లో వేలాడుతున్నాయి.

"నా చిన్నప్పుడు తొమ్మిది వరసలండి" అన్నారాయన, ఎవరో దూరపు చుట్టం గురించి చెప్పినట్టు. "ఏటా కొంచెం కొంచెం కోసుకుపోతోంది. ఈ ఏడు వరదకి ముందే అవతలి గట్టున గన్నవరంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నామండి. అంతవరకూ అరుగు మీద నడుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీరు మాత్రం ఊరి మధ్యలో, మెరకన చూసుకోండి."

"ఇల్లు దొరుకుతాదా సార్?"

"ఆయ్" అన్నారు మాణిక్యాలరావుగారు.

అనితకి ప్రాణం కుదుటపడింది.

గన్నవరంలో ఆడపిల్లల హాస్టల్లో మంచం ఒకటి తీసుకుంది. పొద్దున్నే అక్కడి పోస్టాఫీసులో టపా సంచీ అందుకోవడం, ఆటోలో రేవుకి రావడం, కళ్ళు మూసుకుని గోదారి దాటడం, మధ్యాహ్నందాకా అరుగు మీద పని, ఆ తరవాత ఉత్తరాలు పంచుతూ ఇల్లు వెతుక్కోవడం, సాయంత్రం మళ్ళీ కళ్ళు మూసుకుని దాటడం. ఇదీ ఆమె దినచర్య.

ఇల్లు వెతకడంలో మొదటి రోజే ఒక చిక్కొచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆయ్ అన్నారంటే చేలో పడ్డ మేకని అదిలిస్తున్నారని. ఇక్కడ పెద్ద పెద్దవాళ్ళు, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ ఆమెని ఆయ్ అంటున్నారు. రెండు మూడు సార్లు ఉలిక్కిపడ్డాక అది గౌరవమని అర్థమయింది. ఇంకో రోజు గడిచాక, అది అంగీకారమని కూడా అర్థం చేసుకుంది.

ఏ ఇంటికెళ్ళినా ఒకటే వరస. ముందు కొబ్బరిబొండం. తరవాత పనసతొనలు. "ఏ ఊరండి తమది? అనంతపురమాండి? పాపం, అక్కడ నీళ్ళకి ఇబ్బందంట కదండి" అని ఒక నిట్టూర్పు. అప్పుడు అనిత నెమ్మదిగా అడిగేది.

"మీ మిద్దెమీద గది ఖాళీగా ఉండాది కదండీ. అద్దెకిస్తారా?"

"ఆయ్."

"ఎప్పుడు రమ్మంటారు?"

"ఆయ్, చూద్దామండి. ఇంకో రెండు తొనలు తినండి."

పన్నెండో రోజుకి ఏడిళ్ళవాళ్ళు ఆయ్ అన్నారు. ఒక్క తాళంచెవి చేతికి రాలేదు. జాకెట్లు మాత్రం బిగుతయ్యాయి.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. అనంతపురం అమ్మలు ముందడిగేది ఒకటే. "నీళ్ళొస్తాండాయా?"

"చుట్టూ నీళ్ళేమా."

"తాగేటివేనా?"

"తాగేటివే."

అనిత ఇంటి సంగతి కూడా చెప్పింది. "ఇల్లు దొరకలేదని వచ్చేయాకు. నీళ్ళుండే ఊరు దొరకడమే కష్టం" అని పెట్టేసింది.

మర్నాడు పడవలో ఇంకెవరూ లేరు. లోవరాజు ఇంజను దగ్గర, అనిత నడిమి చెక్క మీద. కళ్ళు మూసుకునే తన గోడు చెప్పుకుంది.

"ఏడిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారన్నా. ఒక్కరూ తాళం ఇయ్యడం లేదు."

"ఒప్పుకున్నారని ఎవరు చెప్పేరండి?"

"వాళ్ళే. ఆయ్ అన్నారు కదా."

లోవరాజు ఇంజను ఆపేశాడు. నడి గోదారిలో హఠాత్తుగా నిశ్శబ్దమయ్యేసరికి అనిత కళ్ళు తెరిచి చెక్కని గట్టిగా పట్టుకుంది.

"ఆయ్ అంటే తమరి మాట వినపడిందని అండి. ఔననీ కాదు, కాదనీ కాదు."

"మరి ఔననాలంటే ఏమంటారు?"

"ఔననాలంటే ఏమీ అనరండి. చేసేస్తారు."

పడవ దానంతటది కొంచెం కిందికి జారుతోంది. లోవరాజుకి ఆ తొందరేం లేదు. "మా లంకలో ఇల్లు అద్దెకివ్వడం అన్నది ఇంతవరకూ లేదండి. ఇక్కణ్ణించి మస్కట్ వెళ్ళేరు, ఖతర్ వెళ్ళేరు, గన్నవరం వెళ్ళేరు. ఇక్కడికి రావడానికి వచ్చింది తమరొక్కరే. ఇల్లు అద్దెకిచ్చేరంటే ఫలానావాళ్ళకి అంత గడవడం లేదా అని నలుగురూ అనుకుంటారు. పోనీ ఊరికే ఉండమందామంటే తమరు ఉద్యోగస్తులు, చిన్నతనం అనుకుంటారేమోనని భయం. అందుకని తొనలు పెడుతున్నారు."

"నేనేం చేయల్ల మరి?"

"అద్దె అన్న మాట ఎత్తకండి. ఇంకోటేదన్నా అడగండి."

"ఇంకోటంటే?"

"నాకేం తెలుసండి. పడవోణ్ణి" అని లోవరాజు ఇంజను తాడు లాగాడు.

పధ్నాలుగో రోజున సంచీలో ఇమడని పార్సెలొకటి వచ్చింది. దిండంత లావు, దూదంత తేలిక. చిరునామా సూర్యకుమారి, నేరేళ్లంక. అనిత దాన్ని నెత్తిన పెట్టుకుని అరటితోటలోకి నడిచింది.

సూర్యకుమారికి నలభై అయిదుంటాయి. భర్త భాస్కరరావు ఖతర్లో క్రేను నడుపుతాడు, పదకొండేళ్ళయింది. నాలుగెకరాల చక్కెరకేళి తోట, కూలీలు, రావులపాలెం మార్కెట్టు, అన్నీ ఆవిడ చేతి మీదే. అనిత వెళ్ళేసరికి నిచ్చెన మీద నిలబడి గెలలు చూస్తోంది. కిందకి దిగి, కత్తితో పార్సెల్ విప్పింది. లోపల పల్చటి తెల్లగుడ్డ సంచులు, రెండు వైపులా తెరిచి ఉన్నవి.

"గెలలకి తొడుగులండి" అంది సూర్యకుమారి. "పురుగు గీరకుండా, ఎండకి మాడకుండా, చిలకలు పొడవకుండా. మచ్చలేని కాయకి రేటుంటుందండి. గెలకి చొక్కా అనుకోండి."

ఒకటి తీసి గెలకి తొడగబోతే పక్కకుట్టు పర్రుమని చినిగింది. రెండోది కూడా. మూడోది బతికింది గానీ పైన బిగించే తాడు ఊడి చేతికొచ్చింది. సూర్యకుమారి నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయింది.

అనిత చినిగిన తొడుగు తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. పన్నెండేళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకోదు. "అంచు మడవకుండా ఒంటికుట్టు వేసినారక్కా. గుడ్డ మంచిదే. అంచు మడిచి రెండు కుట్లేసి, పైన లంగాబొందు మాదిరి తాడు ఎక్కిస్తే యాడికీ పోదు. మీ ఇంట్లో మిషనుందా?"

మిషను ఉంది. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చింది. దాని మీద ఇరవై ఏళ్ళుగా టీవీ ఉంటోంది. ఇద్దరూ కలిసి టీవీని మంచం మీదకి దించి, మిషనుకి నూనె వేసి, బెల్టు సరిచేశారు. అనిత కాలు ఆడించింది. చీకటిపడేలోపు ఇరవై తొడుగులు తిరగేసి కుట్టింది. ఒక్కటి పూర్తిగా తన చేత్తోనే మొదలై తన చేత్తోనే అయిపోతుంటే ఆమెకి కొత్తగా ఉంది. కాలరు దాటి వెళ్ళడం జీవితంలో అదే మొదలు.

రెండు రోజుల తరవాత ఈదురుగాలి కొట్టింది. కొన్న తొడుగులు పేలికలై తోటంతా ఎగిరాయి. అనిత కుట్టిన ఇరవయ్యీ గెలల్ని వదల్లేదు. సూర్యకుమారి తోటంతా ఒకసారి తిరిగి చూసుకుని, మర్నాడు ఉత్తరాలు పంచే వేళకి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకో నాలుగొందలు కావాలండి. మా తోడికోడలు వాళ్ళ తోటకి కూడా అడుగుతున్నారు. ఊరికే కుట్టమని కాదండి, తమరి కష్టం తమరికి ఇస్తాం. కానీ తమరికి తీరికెక్కడిది?"

"సాయంత్రాలు తీరికేనక్కా. గన్నవరంలో గోడలు చూస్తా కూచుంటాను. మిషనేమో ఇక్కడుండాది." అనిత ఆగింది. లోవరాజు చెప్పింది గుర్తొచ్చింది. ఇంటిపక్కన, మూడు రోజులుగా తన కంట్లో పడుతున్నదానికేసి చూపించింది. "ఆ కొట్టు దేనికి వాడతారు?"

అది ధాన్యం కొట్టు. ఛాతీ ఎత్తు రాతి పునాది మీద కట్టిన ఒంటిగది. దిట్టమైన గోడలు, పెంకుల కప్పు, ఎక్కడానికి ఆరు మెట్లు. సూర్యకుమారి మావగారు కట్టించింది. ఎనభై ఆరు వరదకి ఊరంతా మునిగినా అందులో గింజ తడవలేదంటారు. ఇప్పుడు ధాన్యం దాచుకునేవాళ్ళెవరు, బియ్యం బస్తా పడవ మీద వస్తోంది. లోపల చిరిగిన గోతాలు, విరిగిన నాగలి, ఒక ఉయ్యాల బల్ల ఉన్నాయి.

"అద్దె అడగడంలేదక్కా. మిషను పెట్టుకునేకి చోటు అడుగుతున్నా. మిషను పక్కన నేనుంటా. నా పక్కన పోస్టాఫీసు ఉంటాది."

సూర్యకుమారి కొట్టుకేసి చూసింది. "దాన్లో మనుషులుంటారేటండి?"

"గింజలు ఉండంగా లేంది, మనుషులు ఉండకూడదా?"

"ఆయ్" అంది సూర్యకుమారి.

ఎనిమిదో ఆయ్. ఇప్పుడు దాని అర్థం తెలుసు కాబట్టి బాధ ఎక్కువైంది. ఆ సాయంత్రం పడవలో కళ్ళు మూసుకోవడం కూడా మర్చిపోయింది.

పొద్దున సంచీ భుజాన వేసుకుని వస్తుంటే దూరం నుంచే ధూళి కనపడింది. సూర్యకుమారి తలకి గుడ్డ కట్టుకుని, ఇద్దరు కూలి ఆడవాళ్ళతో కొట్టులోంచి గోతాలు బయటికి విసురుతోంది. నాగలి అప్పటికే చెట్టు కింద ఉంది. ఒక తొట్టిలో సున్నం నానుతోంది. అనితని చూసి ఆవిడ పలకరించనైనా లేదు. చీపురు ఇంకోటి చేతికిచ్చింది.

కొట్టు లోపల పాత వడ్లవాసన ఎంత కడిగినా పోలేదు. అనితకి ఆ వాసన నచ్చింది కూడా. ఒక మూల మిషను, ఒక మూల పోస్టాఫీసు బల్ల, వెనకవైపు తెర కట్టి మంచం, పొయ్యి. స్నానాలకీ వాటికీ సూర్యకుమారి వాళ్ళ పెరడు. ఇరవై నాలుగో రోజున రేకుపెట్టె గన్నవరం నుంచి దిగింది. ఆ రోజు నుంచీ టపా సంచీ లోవరాజు పడవలోనే వచ్చి వెళ్ళేది. ఊరు తిరగడానికి బండి కూడా ఒకటి దొరికింది. లంక ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు కిలోమీటర్లు. మాణిక్యాలరావుగారు తన సైకిలు తెచ్చి మెట్లకి ఆనించేరు.

"గన్నవరంలో మా అమ్మాయి తొక్కనివ్వదండి. లారీలంట" అన్నారు.

అది మగవాళ్ళ ఎత్తు సైకిలు. అనిత గట్టు మీద నేర్చుకుంటూ రెండుసార్లు వంగతోటలో, ఒకసారి లోవరాజు ఆరేసుకున్న వల మీద పడింది. మూడో నాటికి ఎక్కడం వచ్చింది. దిగడం ఇంకో రెండు రోజులు పట్టింది.

ఇరవై ఎనిమిదో రోజున పోస్టల్ ఇన్‌స్పెక్టరు గారు చోటు చూడ్డానికి వస్తానన్నారు. పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. పదకొండింటికి రావాలి. పదకొండున్నరకి ఫోన్ చేశారు.

"నేను రేవులోనే ఉన్నానమ్మా. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వచ్చేవారం చూద్దామా?"

ఆ ముందురోజే గోదారికి ఎర్రనీరు తగిలింది. ఎగువన కురిసిన వానల మట్టంతా మోసుకొచ్చే మొదటి నీరు. గాలి కూడా ఎదురుగా వీస్తోంది. వచ్చేవారానికి నెలరోజుల గడువు దాటిపోతుంది. అనిత సైకిలేసుకుని రేవుకెళ్ళి లోవరాజుని లేపింది.

అవతలి గట్టున ఇన్‌స్పెక్టరు గారు బూట్లు చేతిలో పట్టుకుని, మెట్టు మీద నుంచి ఒక అంగుళం కూడా కదలకుండా ఉన్నారు. యాభై అయిదేళ్ళ పెద్దమనిషి. మొహం పాలిపోయింది.

"కొత్తగా వేశారమ్మా నన్నిక్కడికి. ఇంతకుముందంతా మెట్ట ప్రాంతమే. నాకు ఈత రాదు" అన్నారు మెల్లిగా.

"నాకూ రాదు సార్. నడిమి చెక్క మీద కూచోండి. పక్కకి చూడాకండి, ఎదురుగా ఆ తాటిచెట్టు ఉండాది చూడండి, దాన్నే చూస్తా ఉండండి. పడవ ఊగుతాది, ఊగడం దాని పని. మీరు దాంతో పాటు ఊగితే ఏం కాదు. బూట్లూ, మీ సంచీ ఇట్లియ్యండి."

ఆయన కూర్చున్నారు. తాటిచెట్టుని కళ్ళార్పకుండా చూశారు. నడి ఏట్లో అల ఒకటి పక్కనించి కొట్టి అందరి మీదా చిలికింది. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. అనిత ఆయనకి అడ్డంగా నిలబడి ఆయన సంచీ తడవకుండా ఎత్తి పట్టుకుంది. అప్పుడు చూసుకుంది. ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో బూట్లు. దేన్నీ పట్టుకోకుండా పడవలో నిలబడి ఉంది. లోవరాజు కూడా చూశాడు.

కొట్టు చూసి ఇన్‌స్పెక్టరు గారు సంతోషించారు. గోడలు తట్టి చూశారు, కప్పు చూశారు, తాళం వేసి తీసి చూశారు. "ఎత్తు బాగుంది" అన్నారు. బయటకొచ్చి మెట్లకేసి చూసి, "మరీ బాగుంది" అన్నారు.

కింద పాపాయమ్మగారు నిలబడి ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, పింఛను డబ్బులు తీసుకోవడానికి వచ్చేరు. రెండు మెట్లెక్కి, మోకాలు పట్టుకుని ఆగేరు. మూడోది ఎక్కబోయి, తల అడ్డంగా తిప్పి దిగిపోయేరు.

"చూశారుగా అమ్మా. ముసలివాళ్ళు ఎక్కలేని పోస్టాఫీసు బాగుందని నేను రాయలేను. వాళ్ళు కింద నిలబడే పని చూసుకునేలా కిటికీ ఉండాలి" అన్నారాయన. నొచ్చుకుంటూనే అన్నారు.

అనిత సూర్యకుమారికేసి చూడలేకపోయింది. మావగారు కట్టించిన కొట్టు. వరదకి కూడా చెక్కుచెదరని గోడ. దానికి కన్నం పెట్టమని ఏ మొహంతో అడుగుతుంది? సూర్యకుమారి కొట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. గోడ మీద అరచెయ్యి వేసి నిలబడింది. తరవాత ఫోన్ తీసి ఖతర్‌కి వీడియో కాల్ చేసింది.

అక్కడింకా పొద్దున్నే, భాస్కరరావు టిఫిను తింటున్నాడు. తల మీద హెల్మెట్టు తియ్యలేదు. భార్య చెప్పింది మొత్తం విన్నాడు. నమలడం ఆపేశాడు.

"ఏ పక్క?" అన్నాడు.

"తూరుపు పక్కనండి. వీధివైపు కదా."

"తూరుపైతే వానజల్లు కొడుతుంది, కాయితాలు తడిసిపోతాయి. ఉత్తరం పక్క కొట్టించు. పైన రాతిబద్ద వెయ్యకుండా కొట్టనివ్వకు, పెంకులు కూర్చుంటాయి. నాన్నగారు సున్నంలో బెల్లం కలిపించేరు ఆ గోడకి. గట్టిగా ఉంటుంది, మేస్త్రీకి చెప్పు." కాస్త ఆగి, "అయ్యేక ఒకసారి చూపించు" అన్నాడు.

మేస్త్రీకి ఆ గోడ పగలగొట్టడానికి ఒకటిన్నర రోజు పట్టింది. రెండు ఉలులు వంగిపోయాయి. కిటికీని గచ్చుకి సమంగా పెట్టించింది అనిత. లోపల ఆమె చాప మీద కూర్చుంటే, బయట నేల మీద నిలబడ్డవాళ్ళ ఛాతీకి సరిగ్గా గచ్చు అంచు వస్తుంది. అదే బల్ల. అదే కౌంటరు. ముప్ఫయ్యో రోజు సాయంత్రం ఫోటో తీసి పంపింది. ఇన్‌స్పెక్టరు గారు అయిదు నిమిషాల్లో జవాబిచ్చారు: చోటు సరిపోయింది, రాసేస్తున్నాను, మళ్ళీ రానక్కర్లేదు.

కిటికీ దగ్గరకి మొదట వచ్చింది పాపాయమ్మగారే. నిలబడ్డచోటి నుంచే బొటనవేలు చాపి వేలిముద్రల మిషను మీద పెట్టేరు. డబ్బు కొంగున కట్టుకున్నాక కూడా వెళ్ళలేదు. "ఇక్కడ నీడ బాగుందమ్మా" అని గోడ వారన కూర్చుండిపోయేరు. మర్నాటికి ఇంకో ఇద్దరు వచ్చేరు. వారం తిరిగేసరికి సూర్యకుమారి విసుక్కుంటూనే అక్కడో బల్ల వేయించింది. ఏడిళ్ళవాళ్ళూ ఆ దారినే పోతూ కిటికీలోంచి పనసకాయో, అరటిపువ్వో లోపలికి పెట్టేవారు. ఇల్లు దొరికిందని తెలిశాక వాళ్ళ మొహాల్లో ఎంత తేలిక వచ్చిందో అనితకి కనపడింది.

మాణిక్యాలరావుగారు శ్రావణమాసం మొదట్లో వెళ్ళిపోయేరు. సామానంతా పడవలోకి ఎక్కించేక, ఒక్కరూ నడుచుకుంటూ కిటికీ దగ్గరకొచ్చి, తన పేరున వచ్చే ఉత్తరాలు ఇకమీదట గన్నవరం పంపమని రాసిన కాయితం అందించేరు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అనిత చదివి తలెత్తేసరికి ఆయన కొట్టు గోడకేసి చూస్తున్నారు. "మంచి చోటండి" అని, రేవుకేసి వెళ్ళిపోయేరు.

తొడుగులు నాలుగొందలు అయ్యాయి. ఇంకో రెండు తోటలవాళ్ళు అడిగేరు. పొద్దున పోస్టాఫీసు, సాయంత్రం మిషను. ఆగస్టు రెండో వారంలో వరద వచ్చింది. ఊరివాళ్ళు అలవాటైన పనిలా గేదెల్ని అవతలికి దాటించి, సామాన్లు అటకలెక్కించి, వాళ్ళు మిద్దెలెక్కేరు. సూర్యకుమారి టీవీతో సహా కొట్టులోకి వచ్చేసింది. నీళ్ళు మూడు మెట్లు ఎక్కి ఆగాయి. సూర్యకుమారి తోటలో సగం గెలలు ఆ నీళ్ళపాలయ్యాయి. ఒక పూట ఆవిడ ఏమీ తినలేదు. అనిత బతిమాలలేదు. ముద్దకలిపి పక్కన పెట్టి, మిషను తొక్కుతూ కూర్చుంది. కాసేపటికి ఆవిడే అందుకుంది.

మూడు రోజులూ లోవరాజు పడవని సరాసరి కిటికీ కింద ఆపేవాడు. అనిత లోపలినుంచే సంచీ అందించేది, లోపలినుంచే అందుకునేది. టపా ఒక్క పూట ఆగలేదు.

నాలుగో రోజు నీళ్ళు తీశాయి. వాకిలంతా ఒండ్రు. మెత్తగా, మెరుస్తూ, ఇంకా ఎవరి అడుగూ పడకుండా ఉంది. సూర్యకుమారి మెట్ల మీదికొచ్చి, వంగి ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసి, "వంగనారు పోస్తే బ్రహ్మాండంగా వస్తుందండి" అంది. పడవ రేవులోనే ఆగాల్సి వచ్చింది. టైము తొమ్మిదిన్నర. అనిత చీర కుచ్చిళ్ళు దోపుకుని, సంచీ నెత్తిన పెట్టుకుని, ఒండ్రుతో జారే మెట్లు వదిలేసి, కిటికీలో గచ్చు అంచున కూర్చుని కిందకి జారింది. మోకాలిదాకా దిగబడింది. ఒక కాలు పీక్కుంది, రెండోది పీక్కుంది, రేవుకేసి నడిచింది.